ఫొటో వెనకాల పేరు రాశారా?

(ఇళ్లలో, సంఘాల్లో అపురూపంగా దాచుకున్న వస్తువుల గురించి పాఠకులు అడిగిన ప్రశ్నలకు జవాబులు)

ప్రశ్న: అమ్మ చిన్ననాటి ఫొటోలు వంద దాకా పాత జిగురు పేజీల ఆల్బమ్‌లో ఉన్నాయి. పేజీలు పచ్చబడ్డాయి. పైనున్న ప్లాస్టిక్ పొర ముడతలు పడింది. లాగితే చిరిగేలా ఉన్నాయి. తీసేయమంటారా, అలాగే ఉంచమంటారా?

జవాబు: తీసేయండి. ఆ రకం ఆల్బమ్‌లో ఫొటోకి మూడు వైపుల నుంచి చేటే. వెనక ఆమ్లం ఊరే అట్ట, దాని మీద చారలు చారలుగా జిగురు, ముందు పొగలాంటి వాయువులు వదిలే ప్లాస్టిక్. ఏళ్లు గడిచేకొద్దీ జిగురు బిగుస్తుందే తప్ప వదలదు.

అయితే ముందు చేయాల్సిన పని వేరే ఉంది. ఆల్బమ్ ఎలా ఉందో అలాగే, అట్టతో సహా, ప్రతి పేజీనీ ఫోన్‌తో నిలువుగా పైనుంచి ఫొటో తీయండి. ఏ ఫొటో పక్కన ఏది పెట్టారో, కింద ఏం రాశారో, అదంతా అమ్మ వేసుకున్న వరస. ఒకసారి విప్పితే ఆ వరస మళ్లీ దొరకదు.

తర్వాత ప్లాస్టిక్ పొరను మెల్లగా ఎత్తండి. పళ్ల సందులు శుభ్రం చేసుకునే డెంటల్ ఫ్లాస్, మైనం పూయని రకం, ఒక మూర తీసుకోండి. రెండు చివరలూ వేళ్లకు చుట్టి, ఫొటో మూల కిందికి దూర్చి, రంపం కోసినట్టు అటూ ఇటూ ఆడిస్తూ ముందుకు జరపండి. ఫొటోని పైకి ఎత్తకండి, దారమే కదలాలి. ఎత్తితే ఫొటో వంగి, పైనున్న బొమ్మ పొర పగులుతుంది. ఆ పగులు ఇక పోదు. దారం కూడా జరగకపోతే అక్కడితో ఆపండి. ఫొటో చుట్టూ అట్టను కత్తిరించి, వెనక అట్టతోనే దాచండి. హెయిర్ డ్రయర్‌తో వేడి చేస్తే వస్తుందని చాలామంది చెబుతారు. వస్తుంది, కొన్నిసార్లు బొమ్మ పొర కూడా మెత్తబడి దానితోపాటే వస్తుంది. మా ఓటు దారానికే.

బయటికి తీశాక వెనకాల రాయండి. పాత కాగితం ఫొటో అయితే మెత్తటి పెన్సిల్‌తో, కింద ప్లాస్టిక్ షీటు లాంటి గట్టి నునుపు పలక పెట్టుకుని, అంచు దగ్గర తేలిగ్గా రాయాలి. ప్లాస్టిక్ పూత ఉన్న కొత్తతరం ఫొటోల మీద పెన్సిల్ పట్టదు. వాటికి కవరు మీదే, ఫొటో లోపల పెట్టకముందే రాయండి. బాల్‌పెన్ ఒత్తిడికి ముందువైపు గీత తేలుతుంది. ఇంకు పక్క ఫొటోకి అంటుతుంది. ఏం రాయాలి? 'అమ్మ' అని మాత్రం కాదు. ఎవరి అమ్మ? అమ్మ పూర్తి పేరు, ఎడమ నుంచి కుడికి ఎవరెవరు, ఏ ఊరు, ఏ ఏడాది, ఫొటో ఏ సందర్భంలో తీశారు. తెలియనిచోట ప్రశ్నార్థకం పెట్టండి. ఊహించి రాస్తే మీ మనవలు అదే నిజమనుకుంటారు.

దాచేందుకు ఆమ్లం లేని కాగితపు కవర్లు గానీ, పాలియెస్టర్ లేదా పాలీప్రొపిలిన్ సంచులు గానీ వాడండి. పీవీసీ వద్దు. కొత్త షవర్ కర్టెన్ లాంటి ఘాటు వాసన వస్తే అది పీవీసీ అని అనుమానించండి. గదిలో తేమ 30 నుంచి 50 శాతం మధ్య ఉంటే చాలు. అంతకన్నా ముఖ్యం, అది పగలూ రాత్రీ పైకీ కిందికీ ఊగకపోవడం. బయటి గోడకి ఆనించిన బీరువా, అటక, నేల మీద పెట్టె, ఈ మూడూ పనికిరావు. లోపలి గదిలో, నేలకి కనీసం ఒక అడుగు ఎత్తున ఉంచండి.

స్కానింగ్ సంగతి: అరచేయంత ఫొటోని 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు), నాణ్యత తగ్గించని టిఫ్ ఫైలుగా చేయండి. జేపెగ్‌లు బంధువులకు పంపడానికి. మూడు కాపీలు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి వేరే ఇంట్లో. స్కాన్ చేశాం కదా అని అసలు ఫొటో పారేయకండి. హార్డ్ డిస్క్ హెచ్చరించకుండా పోతుంది. కాగితం పోయే ముందు కళ్లకు కనిపిస్తుంది.

ప్రశ్న: నాన్నగారి ఉత్తరాలు మడతల దగ్గర చిరిగిపోతున్నాయి. లామినేషన్ చేయిస్తే శాశ్వతంగా ఉంటాయా?

జవాబు: ఉంటాయి, ప్లాస్టిక్‌లో భాగంగా. వేడికి కరిగిన జిగురు కాగితం పోగుల్లోకి దిగుతుంది. మళ్లీ విడదీయడం సాధ్యం కాదు. కాగితంలో ఉన్న ఆమ్లం లోపలే బందీ అయి తన పని తాను చేసుకుపోతుంది. పారదర్శక టేపూ అంతే. కొన్నేళ్లకు పచ్చబడి, జిగురు అక్షరాల మీదికి పాకి, టేపు ఊడిపోయి మరక మిగులుతుంది. దాచుకునే కాగితానికి ఏ చికిత్స చేసినా ఒక్క నియమం చాలు. రేపు వెనక్కి తీయగలిగేదే చేయాలి.

చాలా ఉత్తరాలకు చికిత్సే అక్కర్లేదు. మడత విప్పి, చదునుగా, ఆమ్లం లేని ఫోల్డర్‌లో పెడితే ఆయుష్షు పెరుగుతుంది, ఎందుకంటే విరిగేది మడత దగ్గరే. గుండుసూదులు, స్టేప్లర్ పిన్నులు తుప్పు పట్టి ఉంటే వెనక కాళ్లను నిటారు చేసి, పిన్నుకీ కాగితానికీ మధ్య సన్నటి ప్లాస్టిక్ ముక్క దూర్చి, అప్పుడు లాగండి.

చిరుగు అతికించాల్సి వస్తే జపాన్ పలుచటి టిష్యూ, గోధుమ స్టార్చ్ పేస్టు వాడతారు. మైదా కాదు, స్టార్చ్. మైదాలోని ప్రొటీన్ పురుగుల్ని పిలుస్తుంది, పచ్చబడుతుంది. ఒక వంతు స్టార్చ్‌కి ఐదు వంతుల నీళ్లు పోసి, కలుపుతూ 20 నుంచి 30 నిమిషాలు సన్నమంట మీద ఉడికించి, చల్లారాక జల్లెడపట్టి, మీగడలా పలుచన చేయాలి. టిష్యూని కత్తెరతో కోయకూడదు. తడి కుంచెతో గీత గీసి, చేత్తో చింపితే అంచు నూగులా లేస్తుంది. ఆ నూగే పట్టు. ముందు ఒక పని మర్చిపోకండి. అక్షరం చివర ఒక చిన్న చుక్క మీద తడి దూది ఒత్తండి. రంగు దిగిందా, ఆ ఉత్తరానికి నీళ్ల పని మానేయండి. ఇంకు గోధుమరంగులోకి మారి కాగితాన్ని తొలుస్తున్నట్టు కనిపించినా అంతే. అలాంటివి నిపుణులకు వదలాలి.

గోడకు వేలాడదీయాలనుంటే కాపీ వేలాడదీయండి. వెలుతురు తిన్న రంగు తిరిగి రాదు.

ప్రశ్న: అమ్మమ్మ పట్టు బట్టలో జరీ అంచు విరుగుతోంది. నాఫ్తలీన్ ఉండలు వేస్తే సరిపోతుందా?

జవాబు: విరగడానికి కారణం పురుగు కాదు, మడత. మడిచినచోటే ఏళ్ల తరబడి ఒత్తిడి పడితే లోహపు తీగ అలసిపోతుంది. మందపాటి గొట్టానికి ఆమ్లం లేని కాగితం చుట్టి, దాని మీద బట్టను జరీ పైకి వచ్చేలా వదులుగా చుట్టండి. చోటు లేదా? మడతల మధ్య కాగితపు ఉండలు పెట్టి, ఆరు నెలలకొకసారి మడత గీత మార్చండి. నాఫ్తలీన్ ఉండలు వద్దు. పురుగు కనిపిస్తే బట్టను పాలిథిన్ సంచిలో గాలి తీసి మూసి, మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచండి. తీశాక సంచి విప్పకుండా ఒక రోజంతా గది వేడికి రానివ్వండి, లేకపోతే చల్లటి బట్ట మీద నీరు పడుతుంది.

ప్రశ్న: అమ్మ పోయాక మేం ముగ్గురం ఆస్తి పంచుకోవడంలో ఒక్క మాట అనుకోలేదు. అంచు విరిగిన ఒక పింగాణీ కప్పు దగ్గర మాటలు ఆగిపోయాయి. ఎందుకిలా? ఎవరికివ్వాలి?

జవాబు: కప్పుకి విలువ లేదు కాబట్టే గొడవ. డబ్బుతో విలువ కట్టగలిగినదాన్ని డబ్బుతో సర్దుకోవచ్చు. ఆ కప్పుకి బదులుగా ఏం ఇస్తారు? అచ్చం అలాంటి కప్పు తెచ్చినా అమ్మ వేళ్లు పట్టుకున్నది కాదుగా.

దీన్ని చిన్నపిల్లల్లో పరీక్షించి చూశారు. 2008లో వెలువడిన ఒక అధ్యయనంలో బ్రూస్ హుడ్, పాల్ బ్లూమ్ అనే మనస్తత్వవేత్తలు మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు వస్తువును అచ్చుగుద్దినట్టు మరొకటి చేసే యంత్రం ఉందని నమ్మించారు. మామూలు బొమ్మల విషయంలో పిల్లలకు పేచీ లేదు. రోజూ పక్కలో పెట్టుకుని పడుకునే బొమ్మ దగ్గరికి వచ్చేసరికి ఎక్కువ మంది అసలుదే కావాలన్నారు, కొందరైతే దాన్ని యంత్రంలో పెట్టడానికే ఒప్పుకోలేదు. పెద్దయ్యాక మనం దీన్ని కాస్త దాచుకుంటాం, అంతే.

ఇంకొకటి: చేతికొచ్చినదాని ధర మన లెక్కలో పెరుగుతుంది. 1990లో డేనియల్ కానమన్, జాక్ నెచ్, రిచర్డ్ థేలర్ అనే పరిశోధకులు ప్రచురించిన ప్రయోగాల్లో కొందరికి మామూలు కాఫీ కప్పులు ఇచ్చారు. అమ్మాలంటే వాళ్లు కోరిన ధర, కప్పు లేనివాళ్లు కొనడానికి ఒప్పుకున్న ధరకు దాదాపు రెట్టింపు. అందుకే 'ముందు నువ్వు ఉంచుకో, తర్వాత చూద్దాం' అనే సర్దుబాటు బెడిసికొడుతుంది. ఉంచుకున్నవాళ్లు ఆరు నెలలకి వదలలేరు.

పంచే పద్ధతి: వస్తువులన్నిటికీ నంబర్లు వేసి ఫొటోలతో జాబితా రాయండి. ముగ్గురికీ తలా 100 పాయింట్లు. ఎవరి కాగితం మీద వాళ్లు, ఒకరిది ఒకరు చూడకుండా, కావలసిన వస్తువులకు పాయింట్లు పంచాలి. ప్రతి వస్తువు పక్కన, అది ఎందుకు కావాలో ఒక్క వాక్యం. పాయింట్లు విప్పే ముందు ఆ వాక్యాలు పైకి చదవండి. చాలా గొడవలు అక్కడే కరుగుతాయి, ఎందుకంటే ఒకరికి కావలసింది కప్పు, ఇంకొకరికి కావలసింది ఆ కప్పు గురించి తనకూ ఒక జ్ఞాపకం ఉందని మిగతావాళ్లు ఒప్పుకోవడం. ఒక వస్తువుకి ఎవరు ఎక్కువ పాయింట్లు వేస్తే అది వాళ్లది, సమానం వస్తే చీటీ. వంతులవారీగా ఏరుకుంటే మాత్రం మొదటి విడత 1-2-3, రెండో విడత 3-2-1 వరసలో సాగాలి. ప్రతిసారీ మొదటివాళ్లే ముందు ఏరుకుంటే అది పంపకం కాదు. ఎవరి దగ్గర ఉన్నా, ఆ వాక్యాల కాగితం కాపీ ముగ్గురి దగ్గరా ఉండాలి.

ప్రశ్న: మా సంఘానికి పాత జెండా, ఇత్తడి గంట, మినిట్స్ పుస్తకాలు ఉన్నాయి. కొత్త కమిటీ గంటకి మెరుగు పెట్టించి, జెండాని కొత్తగా కుట్టిద్దామంటోంది. పెద్దలు ఒప్పుకోవడం లేదు. ఎవరు ఒప్పు?

జవాబు: గంట విషయంలో పెద్దలు ఒప్పు. జెండా సంగతి అడిగి తేల్చాలి. గంటకి మెరుగు అంటే పైపొర లోహం పోవడం, చెక్కిన అక్షరాలు ప్రతిసారీ కొంచెం అరగడం. మెత్తటి పొడిగుడ్డతో తుడిస్తే చాలు.

జెండాలో సంఘం దేన్ని ప్రేమిస్తోంది? ఆ పాత గుడ్డనా, ఎగరేసే ఆచారాన్నా? రెండూ అయితే పాతదాన్ని దాచి, కొత్తది ఎగరేయండి. 'అసలుది' అంటే అన్నిచోట్లా పాత పదార్థమే కాదు. 1994లో జపాన్‌లోని నారాలో నిపుణులు సమావేశమై ఇదే ఒప్పుకున్నారు: వాడకం, సంప్రదాయం, నైపుణ్యం కూడా అసలుతనంలో భాగమే, దాన్ని ఆయా సంస్కృతుల వెలుగులోనే చూడాలి. పోలండ్ రాజధాని వార్సా పాత నగరంలో 85 శాతానికి పైగా 1944లో ధ్వంసమైంది. ప్రజలు పాత చిత్రాలూ కొలతలూ చూసి తిరిగి కట్టుకున్నారు. 1980లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

ఈ వాదన తేలేలోపే ఒక రిజిస్టర్ తెరవండి. సంవత్సరం, వరస సంఖ్య, వస్తువు పేరు, కొలతలు, ఎవరిచ్చారు, ఇప్పటి పగుళ్లు, ఎక్కడ ఉంది. నంబరు గంట మీద రాయాలంటే ముందు పారలాయిడ్ బి-72 లాంటి, అసిటోన్‌తో కరిగే పూత వేసి, దాని మీద రాయండి. జెండాకి నూలు పట్టీ మీద రాసి మూలన రెండు కుట్లు వేయండి. స్టిక్కర్ అతికించకండి.

పెద్దల్ని కూర్చోబెట్టి గొంతు రికార్డు చేయండి. వేవ్ ఫైలు, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్. ఫోన్ నోటికి ఒక అడుగు దూరంలో, మెత్తటి గుడ్డ మీద. ఫ్యాన్ ఆపేయాలి, అదే ఎక్కువ రికార్డింగుల్ని పాడుచేస్తుంది. మొదటి నిమిషంలో పేరు, తేదీ, చోటు, అనుమతి వాళ్ల నోటితోనే చెప్పించండి. ప్రశ్న అడిగాక ఐదు సెకన్లు మౌనంగా ఉండండి. అసలు సంగతి ఆ మౌనం తర్వాతే వస్తుంది.

ప్రశ్న: ఇంట్లో అమ్మ గొంతు ఉన్న పాత క్యాసెట్ దొరికింది. వెంటనే ప్లేయర్‌లో పెట్టొచ్చా?

జవాబు: ఆగండి. క్యాసెట్ మీదున్న చిన్న కిటికీలోంచి టేపు అంచు చూడండి. తెల్లటి బూజు పొడి కనిపిస్తే పెట్టకండి, యంత్రం మొత్తానికీ అంటుకుంటుంది. బూజు లేకపోతే ముందు ఆ క్యాసెట్ పై అంచులోని రెండు చిన్న పలకలూ విరగ్గొట్టండి, పొరపాటున దాని మీద రికార్డు కాదు. తర్వాత ప్లేయర్ హెడ్‌ని 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన దూదిపుల్లతో తుడిచి, ఒక పనికిరాని క్యాసెట్‌తో ప్లేయర్ టేపు నమలదని తేల్చుకోండి. అప్పుడు అమ్మ క్యాసెట్‌ని ఒకసారి చివరి దాకా తిప్పి, మళ్లీ వెనక్కి తిప్పండి. ఏళ్లుగా చుట్టుకుపోయిన టేపు వదులవుతుంది. కంప్యూటర్‌కి కలిపాకే ప్లే నొక్కండి. మొదటిసారి వినడమే రికార్డు చేయడం కావాలి, రెండోసారికి టేపు తెగదని నమ్మకం లేదు.