పండగ రేవులో పడవ: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

కార్తీకం దగ్గరపడుతోంది. వంశధార, నాగావళి ఒడ్డు ఊళ్ళ నుంచి ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే సంగతి అడుగుతున్నాయి: ఏటి పండగకు పడవలో వెళ్తే దాన్ని ఎక్కడ కట్టాలి, ఎలా కట్టాలి. శివరాత్రి ప్రశ్నలు కూడా ముందే వచ్చాయి కాబట్టి వాటినీ ఇక్కడే కలిపాం.

ప్రశ్న: మాది గార మండలం. 24 అడుగుల ఫైబర్ పడవ, అవుట్‌బోర్డు ఇంజను. కార్తీక పౌర్ణమి సాయంత్రం ఇంటిల్లిపాదీ కళింగపట్నం మొగ (ఏరు సముద్రంలో కలిసే చోటు) లోపలి నుంచి శాలిహుండం వైపు వెళ్ళి, ఏటి ఒడ్డున దీపాలు వదిలి రాత్రికి తిరిగి వస్తాం. నిరుడు పడవను రేవులో గుంజకు గట్టిగా బిగించి కట్టాం. తిరిగొచ్చేసరికి ఒక పక్కకు ఒరిగి మోకు మీద వేలాడుతోంది. ఎలా కట్టాలి? ఎంత మోకు కావాలి?

పడవ ఒరగడానికి కారణం మీరు పోటు మీద, అంటే నీరు ఎక్కి ఉన్నప్పుడు, పొట్టి మోకుతో బిగించి కట్టడమే. నీరు దిగింది, మోకు దిగలేదు. ఇదే పని పాటు మీద, అంటే నీరు దిగి ఉన్నప్పుడు, చేసి ఉంటే ఇంకా ప్రమాదం. నీరు ఎక్కేకొద్దీ మోకు పడవ ముక్కును (ముందు కొసను) కిందికి లాగి పట్టి, లోపలికి నీళ్ళు పోస్తుంది.

మొగ నుంచి పైకి కొంత దూరం వంశధారలో సముద్రపు పోటూ పాటూ ఆడతాయి. రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. ఇవాళ్టి పోటు రేపు సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. పౌర్ణమి, అమావాస్యల దగ్గర నీరు ఎక్కువగా ఎక్కి దిగుతుంది, అష్టమి దగ్గర తక్కువ. పౌర్ణమి రోజుల్లో మన తీరంలో ఈ తేడా మీటరున్నర దాకా ఉంటుంది. ఏటి లోపలికి వెళ్ళేకొద్దీ తగ్గుతుంది, ఆలస్యమవుతుంది. మన ఏటి పండగల్లో పెద్దవి పౌర్ణమికో, అమావాస్య ముందు చతుర్దశికో పడతాయి. అంటే జనం ఎక్కువ వచ్చే రోజే నీరు ఎక్కువ ఆడే రోజు. పంచాంగంలో తిథి చూసుకుంటే నీటి లెక్క సగం తెలిసినట్టే. మిగతా సగం, అంటే గంటలు, హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఇచ్చే పోటు పట్టికలో దొరుకుతాయి. ఆ గంటకు మీ రేవులో నీరు ఎంత ఆలస్యంగా ఎక్కుతుందో వేట చేసేవాళ్ళను అడగండి, వాళ్ళు నిమిషాలతో సహా చెబుతారు.

ఇక కట్టడం. పోటు ఆడే చోట ప్రవాహం రెండు వైపులా తిరుగుతుంది కాబట్టి ఒక్క మోకు చాలదు. పడవను గట్టుకు సమాంతరంగా నిలపండి. ముక్కు నుంచి ఒక మోకు గట్టు మీద ముందువైపుకు, వెనక నుంచి ఇంకొకటి వెనకవైపుకు ఏటవాలుగా వెళ్ళాలి. నీటి తేడా మీటరుంటే ఒక్కో మోకు నాలుగైదు మీటర్లు ఉండాలి. అప్పుడు నీరు ఎక్కినా దిగినా మోకు కోణం మారుతుంది తప్ప బిగుసుకోదు. మూడోది లంగరు. దాన్ని ఏటి లోపలి వైపు వేసి, పడవ గట్టుకు కొట్టుకోకుండా రెండు మీటర్లు ఎడంగా పట్టి ఉంచండి.

లంగరు తాడుకు లెక్క ఉంది. ప్రస్తుతం ఉన్న లోతు, ఇంకా ఎక్కబోయే నీరు, నీటి నుంచి ముక్కు దాకా ఎత్తు, ఈ మూడూ కలిపి అయిదుతో గుణించాలి. మీటరు లోతు, ఇంకో మీటరు పోటు, ముప్పావు మీటరు ముక్కు ఎత్తు అనుకుంటే రెండుముప్పావు. అయిదింతలు అంటే సుమారు 14 మీటర్లు. గాలి ఉంటే ఏడింతలు, 19 మీటర్లు. తాడు తక్కువైతే లంగరు పడుకోదు, నిలబడి ఇసుకను గీసుకుంటూ వచ్చేస్తుంది. లంగరుకు ముందు మూడు నాలుగు మీటర్ల గొలుసు ఉంటే పట్టు బాగా పెరుగుతుంది. మీ పడవకు 12 మిల్లీమీటర్ల నైలాన్ మోకు 30 మీటర్లది ఒకటి, 10 మీటర్లవి రెండు పెట్టుకోండి. బజారులో చవగ్గా దొరికే నీలం ప్లాస్టిక్ తాడు లంగరుకు వద్దు. అది నీటి మీద తేలి, చీకట్లో పక్క పడవ ఫ్యానుకు (ఇంజను కింద నీళ్ళలో తిరిగే రెక్కలకు) చుట్టుకుంటుంది.

గట్టు మీద గుంజ లేకపోతే ఉత్త ఇసుకలో మేకు దిగ్గొట్టి నమ్మకండి. తడి ఇసుకలో మేకు మెల్లగా వదులవుతుంది. ఖాళీ బస్తాలో ఇసుక నింపి, మూతి కట్టి, నడుముకు మోకు చుట్టి, ముప్పావు మీటరు లోతు గోతిలో పూడ్చండి. మోకు బయటకు వచ్చే దారి కూడా ఏటి వైపు ఏటవాలుగా తవ్వాలి. నిటారుగా పైకి వస్తే బస్తాను పైకి లాగేస్తుంది. గుంజ ఉంటే మోకును రెండు చుట్లు చుట్టి, రెండు అరముళ్ళు వేయండి. బరువంతా చుట్లు మోస్తాయి. ముడి విప్పినా మోకు ఒక్కసారిగా చేయి జారదు, కొద్దికొద్దిగా వదులుకోవచ్చు. మోకు పడవ అంచుకు రాసుకునే చోట పాత సైకిలు ట్యూబు ముక్క తొడగండి. కరెంటు స్తంభానికీ, స్నానఘట్టం రెయిలింగుకూ కట్టొద్దు.

చోటు విషయంలో కొంచెం ఆలోచించాలి. స్నానాల రేవుకు ఎగువన కడితే, మోకు తెగిన పడవ నేరుగా నీళ్ళలో ఉన్న జనం మీదికి వెళ్తుంది. దిగువన కడితే అరటి దొప్పల్లో వదిలిన దీపాలన్నీ మీ వైపే వస్తాయి. పెట్రోలు ఇంజను ఉన్న పడవకు ఇది చిన్న సంగతి కాదు. రెండు పడవల మధ్య సందులో దొప్పలు ఇరుక్కుని, వత్తులు ఇంకా వెలుగుతూ, పక్కలకు కట్టిన టైర్లకు తగులుతుంటాయి. మా సలహా దిగువనే, కానీ ఏరు తిరిగే చోట లోపలి ఒంపులో. పైనీరు వెలుపలి ఒంపుకు తోసుకుపోతుంది, దీపాలూ దానితోనే పోతాయి. లోపలి ఒంపులో ఇసుక మేట వేసి లోతు తక్కువగా ఉంటుంది కాబట్టి గెడతో కొలిచి, పాటు మీద కూడా అర మీటరు నీరు మిగిలే చోటు చూసుకోండి. పోటు ఎక్కుతున్నంతసేపూ నీరు ఎగువకు నడుస్తుంది, అప్పుడు పై లెక్కంతా తిరగబడుతుంది. అందుకే రేవుకు కనీసం 100 మీటర్ల దూరం పాటించండి. పెట్రోలు డబ్బా మూత బిగించి తడి గోనె కప్పండి. ఒక మనిషి పడవలోనే ఉండాలి. దీపాలు వదిలేటప్పుడు ఆ మనిషిని మార్చుకోండి, వాళ్ళకూ పండగే కదా.

కార్తీకం తుపాన్ల కాలం కూడా. బయల్దేరే ముందు కళింగపట్నం ఓడరేవులో ఏ నంబరు హెచ్చరిక ఎగరేశారో కనుక్కోండి. మూడో నంబరు ఉంటే పడవ తీయొద్దు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు గాలితో పాటు వంశధార వరద కూడా వచ్చిపడింది. సముద్రం వైపు తిరిగి, మొగ దాటి చుట్టి రావాలన్న ఆలోచన మాత్రం పెట్టుకోకండి. పాటు నీరు బయటకు తోస్తుంటే ఎదురు అలలు అక్కడ నిటారుగా లేచి విరుగుతాయి. పిల్లలతో వెళ్ళే దారి కాదు.

ప్రశ్న: శివరాత్రి ఉత్సవాల చివర శ్రీముఖలింగంలో చక్రతీర్థ స్నానానికి కింది నుంచి వంశధార మీద పడవలో వెళ్ళొచ్చా?

వెళ్ళలేరు. మాఘ ఫాల్గుణాల్లో ముఖలింగం దగ్గర వంశధార అంటే వెడల్పాటి ఇసుక, అందులో సన్నని పాయలు. ఎగువన హిరమండలం దగ్గర గొట్టా బ్యారేజీ నుంచి నీరు కాలువలకు మళ్ళుతుంది. ఇక్కడికి పోటు రాదు కాబట్టి ఇరుక్కున్న పడవను లేపే నీరు కూడా ఉండదు. రోడ్డు మీద వెళ్ళండి. ఇసుకలో నడిచి స్నానానికి దిగేవాళ్ళు మాత్రం చేతిలో గెడ పట్టుకుని, ముందు అడుగు వేసే చోట పొడిచి చూసి దిగాలి. ఇసుక తవ్విన గోతులు పైకి మోకాలి లోతు నీళ్ళలా కనిపించి, అంచు జారితే నిలువు లోతు ఉంటాయి.

ప్రశ్న: నాగావళి కొస దగ్గర కళ్ళేపల్లి మణినాగేశ్వరస్వామి గుడికి శివరాత్రి జాగారానికి పడవలో వెళ్తాం. రాత్రి పాటుకు పడవ ఇసుక మీద కూర్చుండిపోతుంది. తెల్లారి లేస్తుందా, లేదా?

శివరాత్రి నాడు కూర్చుంటే సాధారణంగా లేస్తుంది. కారణం తిథే. మాఘ బహుళ చతుర్దశి అంటే మర్నాడు అమావాస్య. పోట్లు ఇంకా పెరుగుతున్న రోజులవి. అమావాస్య వెళ్ళిన ఒకటి రెండు రోజులకు గరిష్ఠానికి చేరతాయి. కాబట్టి ఇవాళ నీరు చేరిన గీతను రేపటి నీరు అందుకుంటుంది. అదే విదియ, తదియల్లో నిండు పోటు మీద పడవను పైకి లాగి వదిలేశారనుకోండి, మర్నాటి పోటు ఆ గీత దాకా రాదు, ఆ మర్నాడు ఇంకా రాదు. మళ్ళీ పౌర్ణమి దాకా, అంటే దాదాపు రెండు వారాలు, పడవ ఇసుక మీదే ఉంటుంది. కార్తీక పౌర్ణమికి వచ్చి, ఇంకో రెండు రోజులు ఉండిపోయే వాళ్ళకు కూడా ఇదే లెక్క.

కూర్చోబెట్టే చోటు ముందే పాటు మీద పగటి పూట చూసుకోండి. రాళ్ళు, విరిగిన గుంజలు, పాత లంగర్లు ఉండకూడదు. ఏటవాలు గట్టు మీద కూర్చున్న పడవ ఒక పక్కకు వాలుతుంది. నీరు తిరిగి వచ్చేటప్పుడు లేచే లోపే ఆ పక్క అంచు మీదుగా లోపలికి వస్తుంది. అందుకే చదును నేల చూడాలి. ఇంజనును పైకి ఎత్తి లాక్ చేయండి. పడవ నేల మీద ఉన్నా లంగరు వేసే ఉండాలి, ఎందుకంటే అది లేచేది అందరూ గుడిలో ఉన్నప్పుడే. ఎండాకాలం దగ్గరపడేకొద్దీ మొగలో ఇసుక దిబ్బ పెరిగి దారి సన్నబడుతుంది, స్థలం కూడా మారుతుంది. నిరుటి పాయ ఇప్పుడు ఉంటుందని అనుకోవద్దు.

ప్రశ్న: రేవులో చోటు లేక పడవకు పడవను కట్టేస్తున్నారు. మా పడవ నలిగిపోతోంది. వద్దనొచ్చా?

చోటు లేని పండగనాడు వద్దనలేం, కానీ పద్ధతి అడగొచ్చు. పెద్ద పడవ గట్టు వైపు, చిన్నవి బయట. మూడుకు మించి వరస వద్దు. ప్రతి పడవా పక్క పడవకే కాదు, గట్టుకు కూడా సొంత మోకు కట్టాలి. లేకపోతే బరువంతా మొదటి పడవ గుంజ మీద పడుతుంది. పడవల మధ్య టైర్లు వేలాడదీసి, ముక్కుల్ని కొంచెం ముందూ వెనకా చేస్తే కదలికలో అంచుకు అంచు తగలదు. ముందు వెళ్ళిపోయేవాళ్ళు చివర కట్టాలి. ఇది కట్టేటప్పుడే అడిగి తేల్చుకోండి. అర్ధరాత్రి నిద్రలో లేపి మోకులు విప్పమంటే ఎవరికైనా కోపం వస్తుంది.

ప్రశ్న: పండగ మర్నాడు రేవు నుంచి బయల్దేరగానే ఇంజను వేడెక్కి ఆగిపోతోంది. మెకానిక్ ఇంజను బాగుందంటున్నాడు.

ఇంజను బాగానే ఉంటుంది. దానికి నీళ్ళు అందడం లేదు. బంతిపూల రెక్కలు, కొబ్బరి పీచు, ప్లాస్టిక్ కవర్లు నీరు పీల్చే జల్లెడకు అంటుకుంటాయి. స్టార్టు చేయగానే వెనక నుంచి సన్నని నీటి ధార చిమ్ముతోందో లేదో చూడండి. ధార సన్నబడితే వెంటనే ఆపి, ఇంజను ఎత్తి, జల్లెడ శుభ్రం చేయండి. దీనికంటే మొండిది చీర. స్నానం చేసి ఏట్లో వదిలేసిన బట్టలు ఫ్యానుకు చుట్టుకుంటే తిప్పి తీయలేరు, కోయాల్సిందే. కోసేముందు ఇంజను ఆపి తాళం తీసి జేబులో వేసుకోండి. రేవు దాటే దాకా తెడ్డు వేసుకుంటూ లేదా గెడతో నెట్టుకుంటూ వెళ్ళి, ఆ తర్వాతే ఇంజను తీస్తే ఈ బాధే ఉండదు. బట్టలు ఏట్లో వదలకుండా గట్టున పెట్టమని స్నానాలకు వచ్చేవాళ్ళకూ చెప్పండి.

ప్రశ్న: మాది వంగర మండలం. సంగాంలో సంగమేశ్వరుడి జాతరకు అద్దె నాటు పడవలో ఏరు దాటతాం. ఏం చూసుకుని ఎక్కాలి? సంగమం మొన దగ్గరే పడవ ఆపొచ్చా?

మొన దగ్గర ఆపొద్దు. నాగావళిలో సువర్ణముఖి, వేగావతి నీరు కలిసే చోట రెండు ప్రవాహాల మధ్య ఇసుక నాలుకలా మేట వేస్తుంది, దాని అంచు పైకి కనిపించదు. నీటి రంగు మారే గీత వెంట సుళ్ళు తిరుగుతూ పడవను అడ్డం తిప్పుతాయి. కలయికకు కొంచెం ఎగువన, ఒకే ఏరు ఉన్న చోట దాటి, గట్టుకు ముక్కు ఎగువ వైపు పెట్టి కట్టించండి.

వర్షాలు పడుతున్న రోజుల్లో తోటపల్లి, మడ్డువలస ఆనకట్టల గేట్ల సంగతి కనుక్కుని బయల్దేరండి. ఒడిశా కొండల్లో వాన పడితే ఇక్కడ ఎండ కాస్తూనే నీరు పెరగొచ్చు. దిగగానే నీటి అంచున ఒక పుల్ల గుచ్చండి. అరగంటలో జానెడు నీరు ఎక్కినా, నీరు ఎర్రబడి నురగా గడ్డీ కొట్టుకొస్తున్నా తిరుగు ప్రయాణం మానుకుని గట్టు మీదే ఉండండి.

ఎక్కేముందు రెండు సంగతులు చూడాలి. అందరూ ఎక్కాక నీటికీ పడవ అంచుకీ మధ్య కనీసం అడుగు ఎడం ఉండాలి. అంతకంటే తగ్గితే ఇద్దరు ముగ్గురు దిగాల్సిందే. మనిషికో లైఫ్ జాకెట్, అది పడవలో మూలన కాదు, ఒంటి మీద, పట్టీలు బిగించి. 2017 నవంబరు 12న, కార్తీక ఆదివారం నాడు, ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో తిరగబడిన బోటుకు అనుమతి లేదు, ఎక్కినవాళ్ళకు జాకెట్లూ ఇవ్వలేదు. ఇరవైమందికి పైగా పోయారు. ఎక్కేటప్పుడు ఒక్కొక్కరుగా పడవ మధ్యలో అడుగు పెట్టి వెంటనే కూర్చోవాలి. గుడి కనపడగానే దణ్ణం పెట్టడానికి అందరూ ఒకే పక్కకు లేస్తారు, అలా లేవొద్దని పడవ నడిపే సరంగు చేత ముందే గట్టిగా చెప్పించండి. ఒడ్డు తగిలి, మోకు గుంజకు పడే దాకా ఎవరూ లేవకూడదు.