ఫోను సంగతి తర్వాత, ముందు సూరత్ సంగతి చెప్పు

బరంపురం నుంచి ఒకమ్మాయి ఉత్తరం. వయసు 32, ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది, మూడో తరగతి చదివే కొడుకు, అత్తగారు. భర్త తొమ్మిదేళ్ళుగా సూరత్‌లో మరమగ్గాల పనిలో ఉన్నాడు. "మిషను ముందు కూర్చుంటే పది నిమిషాలకోసారి చెయ్యి ఫోను మీదికే పోతోంది మేడమ్. వాట్సాప్, ఇన్‌స్టా, మళ్ళీ వాట్సాప్. రోజుకి ఆరు జాకెట్లు కుట్టేదాన్ని, ఇప్పుడు రెండు. మొన్న పెళ్ళివాళ్ళ పట్టు జాకెట్టుకి రెండూ కుడి చేతులే కత్తిరించేశాను. పొద్దస్తమానం ఫోనేనా అని అత్తగారు సాధిస్తున్నారు. ఈ అలవాటు మానిపించే మంచి యాప్ ఏదైనా ఉంటే చెప్పండి."

యాప్ ఏమీ అక్కర్లేదమ్మా. నీ ఫోను సెట్టింగుల్లోనే డిజిటల్ వెల్‌బీయింగ్ అని ఉంటుంది, అందులో ఇన్‌స్టాకి అరగంట టైమర్ పెట్టుకో, టైమ్ కాగానే మూసుకుపోతుంది. కాసేపటికి నువ్వే వెళ్ళి ఆ టైమర్ తీసేస్తావు, అదీ నాకు తెలుసు. అసలు యాపే పీకేసినా అంతే. 2020 జూన్ ఆఖర్లో టిక్‌టాక్ ఆపేస్తే జులైలోనే ఇన్‌స్టాలో రీల్స్ వచ్చి కూర్చుంది. నువ్వడిగినదానికి జవాబు అయిపోయింది.

నాలుగు పేజీలు రాశావు కదా, ఇన్‌స్టాలో ఏం చూస్తావో ఒక్క ముక్కైనా రాశావా? వంటలా, చీరలా, ఊళ్ళోవాళ్ళ గొడవలా? ఏమీ లేదు. కానీ మీ ఆయన దసరా నుంచి వాట్సాప్‌లో లాస్ట్ సీన్, అంటే ఆఖరిసారి ఎప్పుడు చూశాడో, కనబడకుండా పెట్టాడని, ఫలానా రాత్రి ఒంటిగంటా పదికి ఇన్‌స్టాలో పచ్చచుక్క వెలిగిందని, ఎవరిదో రీల్‌కి లైక్ కొట్టాడని, నీ మెసేజ్‌కి మాత్రం తెల్లారాక "ఊఁ" అని పెట్టాడని, అన్నీ గంటలూ నిమిషాలతో సహా ఉన్నాయి. దీన్ని ఫోను పిచ్చి అనరు తల్లీ, మొగుడికి కాపలా కాయడం అంటారు.

2020 మేలో సూరత్ నుంచి రైళ్ళలో మీ గంజాం జిల్లా వాళ్ళంతా తిరిగొచ్చినప్పుడు మీ ఆయనా వచ్చి ఐదు నెలలు ఇంట్లో ఉన్నాడు. "అప్పుడు ఫోను ఎక్కడ పెట్టానో కూడా గుర్తుండేది కాదు" అని నువ్వే రాశావు, మూడో పేజీలో, ఏదో మాటవరసకన్నట్టు. నేనైతే మిగతా ఉత్తరం వదిలేసి అక్కడే ఆగిపోయాను.

నా పెళ్ళయిన కొత్తలో మా ఆయనకి బదిలీ అయితే నేను పోస్టుమాన్ సైకిలు బెల్లు కోసం చూసేదాన్ని. రోజుకి ఒక్కసారే వచ్చేవాడు, మా గుమ్మం దాటిపోయాడంటే ఇక రేపే, ఏడుపొచ్చినా లేచి పప్పు పొయ్యి మీద పడేసేదాన్ని. నీ పోస్టుమాన్ రోజంతా నీ ఒళ్ళోనే కూర్చున్నాడు, కత్తెర ఎలా నిలుస్తుంది?

ఆయన తప్పు చేస్తున్నాడని నేననడం లేదు. పన్నెండు గంటల షిఫ్టు, ఆ మగ్గాల రొదలో రింగు వినబడదు, ఒంటిగంటకి టీకి బయటికొచ్చి ఫోను తీసుంటాడేమో. ఇంకేదైనా కావచ్చు. కానీ నెలనెలా డబ్బు పంపితే మొగుడి బాధ్యత తీరిపోయిందనుకునేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మంట. ఒక రాత్రిలో పంతొమ్మిది మిస్డ్ కాల్స్ ఇచ్చిన నీ మీదా కోపమే. కుట్టి సంపాదించుకుంటున్న మనిషివి, ఏమిటా దేబిరింపు?

నీ లాస్ట్ సీన్ కూడా దాచేసెయ్. మనది దాచుకుంటే ఎదుటివాళ్ళదీ మనకి కనబడదు, వాట్సాప్ లెక్క అది. అంటే దసరా నుంచి ఆయనకీ నీది కనబడట్లేదు, ఆ లోటేమీ ఆయనకి తెలిసినట్టు లేదు, నిన్ను గుచ్చుతున్నదీ అదే కదూ? అది ఆయన్నే అడుగు. షిఫ్టు లేని రోజు చూసి, పిల్లాణ్ణీ అత్తగారినీ కింద వదిలేసి, మేడ మీదికెళ్ళి ఫోన్ చెయ్. ఒక్కసారి అడుగు, చెప్పేది పూర్తిగా విను, మధ్యలో ఏడవకు.

ఆ జవాబు మింగుడు పడకపోతే వేసవి సెలవుల్లో పిల్లాణ్ణి తీసుకుని పూరీ-అహ్మదాబాద్ రైలెక్కు, బరంపురంలోనే ఆగుతుంది. గదిలో పదిమంది ఉంటారు, ఫ్యామిలీకి కుదరదు అన్నాడని రాశావు. నెల్లాళ్ళకి ఒక గది అద్దెకి చూడలేడా? అత్తగారు ఒంటరిగా ఎలా ఉంటారంటావేమో, ఆడపడుచు అస్కాలోనే ఉందన్నావుగా, నెల్లాళ్ళు తల్లిని చూసుకోమను.

ఇంతకీ ఆ పెళ్ళివాళ్ళ జాకెట్టు ఏం చేశావో రాయలేదు. చీరతో వచ్చిన ముక్క, అదే రంగు బజార్లో దొరకదు. మిగిలిన గుడ్డలో ఎడమ చెయ్యి వస్తుందేమో చూడు, చాలకపోతే చంక దగ్గర కనబడకుండా అతుకు వెయ్యి, అంచు మాత్రం కలవాలి. ముహూర్తానికి ముందే నువ్వే పట్టుకెళ్ళి ఇచ్చి, కుట్టుకూలి తీసుకోకుండా వచ్చెయ్. అది కత్తిరిస్తున్నంతసేపూ ఫోను అత్తగారి దగ్గర పెట్టు, ఆవిడా కాసేపు ఊరుకుంటుంది.