తార్నాక ప్రయోగశాలకు వెళ్తున్న మనవరాలికి

చిరంజీవి మనవరాలికి తాతయ్య ఆశీస్సులు.

హైదరాబాదు తార్నాకలోని ఐఐసీటీలో (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీ) ఆరు నెలల ప్రాజెక్టుకు నిన్ను తీసుకున్నారని మీ అమ్మ చెప్పిన రోజు నాకు రాత్రంతా నిద్ర పట్టలేదు. ఉద్యోగ జీవితమంతా ఫ్లాస్కుల ముందే గడిపినవాణ్ణి. ఫోనులో మాట్లాడితే సగం మరిచిపోతానని ఈ ఉత్తరం రాస్తున్నాను.

నువ్వు అడుగుపెట్టేది చిన్న చోటు కాదమ్మా. 1944లో నిజాం కాలంలో, పరిశ్రమలకు పనికివచ్చే పరిశోధన కోసం మొదలైన ప్రయోగశాల అది. 1956లో దేశంలోని ప్రభుత్వ ప్రయోగశాలలను నడిపే సీఎస్‌ఐఆర్ కిందికి వచ్చింది, ఇప్పటి పేరు 1989లో పెట్టారు. మా తరం వాళ్లం ఇప్పటికీ దాన్ని పాత పేరుతో ఆర్‌ఆర్‌ఎల్ (రీజనల్ రీసెర్చ్ లేబొరేటరీ) అనే అంటాం. హెచ్‌ఐవీ మందు విదేశాల నుంచే రావలసిన రోజుల్లో, గుంటూరులో పుట్టిన ఎ.వి. రామారావు గారు అక్కడ డైరెక్టరుగా ఉండగా, జిడోవుడిన్ అనే ఆ మందును ఇక్కడే తయారుచేసే పద్ధతిని కనుగొన్నారు. మందుల కంపెనీ సిప్లా ఆ పద్ధతిని తీసుకుని 1990ల తొలినాళ్లలో మందును చాలా తక్కువ ధరకు అమ్మింది.

ఆ పద్ధతి ప్రయోగశాల నుంచి కంపెనీకి ఎలా వెళ్తుందో ఎప్పుడైనా ఆలోచించావా? కాగితం మీద వెళ్తుంది. ఏ పదార్థం ఎన్ని గ్రాములు, ఏ వరుసలో కలపాలి, ఎంత వేడి, ఎంతసేపు. నిన్ను ఎన్నడూ చూడని మనిషి మరో ఊళ్లో ఆ కాగితం చదివి అదే పదార్థాన్ని తీయగలగాలి. తీయలేకపోతే, నీ చేతిలో ఎంత బాగా జరిగిన ప్రయోగమైనా దేశానికి దక్కదు. అందుకే నీకు ఇచ్చే నోటుపుస్తకం గురించి నాకు ఇంత పట్టుదల.

ఇది నాకు తేలికగా తెలియలేదు. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు మెగ్నీషియంతో చేసే గ్రిన్యార్డ్ రియాక్షన్ ఒకటి పెట్టాను. మొదటిసారే ఎనభై శాతం దిగుబడి. మా పెద్దలు మెచ్చుకున్నారు. రెండోసారి పెడితే ముప్పై కూడా రాలేదు, మూడోసారి అసలు మొదలే కాలేదు. మెగ్నీషియం మార్చాను, అయోడిన్ పలుకులు వేశాను, మూడు నెలలు పోగొట్టుకున్నాను. చివరికి డిస్టిలేషన్ చూసే అటెండరు గారు గుర్తుచేశారు: మొదటి రోజు నేను సోడియం, బెంజోఫినోన్ మీద మరిగి, తేమ పోయిందని చూపే ముదురు నీలం తిరిగాక అప్పటికప్పుడు పట్టిన టీహెచ్‌ఎఫ్ అనే సాల్వెంటు (పదార్థాలను కరిగించే ద్రవం) తీసుకున్నానట. తరువాత వాడింది రెండు రోజులుగా మూత తీస్తూ పెడుతూ ఉన్న సీసాలోది. అది గాలిలోని తేమను పీల్చేసుకుంది, తేమ ఉంటే గ్రిన్యార్డ్ సాగదు. నా నోటుపుస్తకంలో ఉన్నది ఒక్క ముక్క, ‘టీహెచ్‌ఎఫ్, 50 మి.లీ.’ ఏ సీసా, ఎప్పుడు పట్టినది అని మరో నాలుగు మాటలు రాసి ఉంటే ఆ మూడు నెలలు మిగిలేవి. ఇన్నేళ్లయినా ఆ పేజీ నా కళ్లముందు కదులుతూనే ఉంటుంది.

కాబట్టి చేస్తూ ఉండగానే రాయి. చేతిమీదో, టిష్యూ కాగితం మీదో బరువులు రాసుకుని సాయంత్రం ఎక్కిద్దామనుకోకు. పెన్సిలు వద్దు. తప్పు పడితే చదవడానికి వీలుగా ఒక్క గీత కొట్టు, పేజీ మాత్రం చింపకు. టీఎల్‌సీ (రియాక్షన్ ఎంతవరకు వచ్చిందో చిన్న ప్లేటు మీద చుక్కలుగా చూసే పరీక్ష) చూసిన ప్రతిసారీ ప్లేటు బొమ్మ గీసి, హెక్సేన్, ఇథైల్ ఎసిటేట్ సాల్వెంట్లు ఏ పాళ్లలో వాడావో పక్కనే రాయి. ఎడమ వైపు మొదటి పదార్థం, కుడి వైపు రియాక్షన్ మిశ్రమం, మధ్యలో రెండూ కలిపిన చుక్క ఉండాలి. ఆ మధ్య చుక్క పెట్టకుండా ‘రియాక్షన్ అయిపోయింది’ అన్నవాళ్లు ఎందరో నాకు తెలుసు. రంగు మారితే ఎన్ని గంటలకు మారిందో రాయి. ఏమీ జరగకపోతే అదీ రాయి. జరగని ప్రయోగాన్ని దాచితే, నీ తరువాత వచ్చే పిల్ల అదే గోడకు మళ్లీ తల కొట్టుకుంటుంది. ఆ పుస్తకం ప్రయోగశాలది, వెళ్లేటప్పుడు అక్కడే ఇచ్చి రా.

పద్ధతి పెద్ద ఎత్తుకు వెళ్లినప్పుడు ఏమవుతుందో కూడా మనసులో పెట్టుకో. పళ్లెంలో అన్నం చిటికెలో చల్లారుతుంది, పెళ్లి గుండిగలో అన్నం గంటలకొద్దీ పొగలు కక్కుతూనే ఉంటుంది. పాత్ర పొడవు, వెడల్పు, ఎత్తు అన్నీ రెట్టింపు చేస్తే అందులో పట్టేది ఎనిమిది రెట్లవుతుంది, వేడి బయటకు పోవలసిన గోడల వైశాల్యం నాలుగు రెట్లే పెరుగుతుంది. నీ చిన్న ఫ్లాస్కును మంచుగిన్నెలో పెడితే అణగిపోయే వేడి, వందల లీటర్ల రియాక్టర్‌లో అణగదు. పదార్థాన్ని సిలికా పొడి నింపిన గొట్టం గుండా పంపి శుద్ధి చేసే కాలమ్ కూడా అంతే. వంద మిల్లీగ్రాములకు ముద్దుగా ఉంటుంది, పది కిలోలకు ఎంత సిలికా, ఎంత సాల్వెంటు కావాలో ఊహించు. కాలమ్‌లో శుద్ధి చేసిన పదార్థాన్ని చిటికెడు తీసి, స్ఫటికాలు కడుతుందేమో రెండు మూడు సాల్వెంట్లలో చూడు. ఎవరూ అడగకపోయినా చూడు. స్ఫటికాలు కడితే ఫ్యాక్టరీలో కాలమ్ అవసరమే ఉండకపోవచ్చు.

జాగ్రత్తల మాట: కళ్లద్దాలు తీయకు. గ్లవ్స్ చేతులతో తలుపు, ఫోను ముట్టుకోకు. మిగిలిన సోడియం మీద నీళ్లు పోయకు, ఐసోప్రొపనాల్ అనే ఆల్కహాల్‌లో వేసి మెల్లగా చంపాలి, అదీ పెద్దవాళ్లు పక్కన ఉన్నప్పుడే. క్లోరోఫామ్, అసిటోన్ ఒకే వ్యర్థాల డబ్బాలో పోయకు. వాటికి క్షారం తోడైతే డబ్బా పేలిపోతుంది. రాత్రి ఒంటరిగా రియాక్షన్ పెట్టకు. ఈ ఒక్క విషయంలో మీ గైడు ఒప్పుకున్నా నేను ఒప్పుకోను.

నీకు పని నేర్పేది చాలావరకు పీహెచ్‌డీ చేస్తున్న అక్కలు, అన్నలు. వాళ్ల సమయం విలువైనది. ఒకే ప్రశ్న రెండుసార్లు అడగాల్సి రాకుండా రాసుకో. గాజు సామాను అతికే ఆయనను, స్టోర్సులో కూర్చునే ఆవిడను పేరు పెట్టి, ‘గారు’ చేర్చి పలకరించు. నా మూడు నెలల చిక్కుముడి విప్పింది ఒక అటెండరని మరువకు.

తమ్ముడికి చెప్పు, మూడు సైన్సు అకాడమీలు కలిసి ఇచ్చే వేసవి పరిశోధన ఫెలోషిప్పుకు వాడు దరఖాస్తు చేయాలి. రెండు నెలలైనా ప్రయోగశాల గాలి పీల్చుతాడు.

మొదటి వారం నీకు ఏ రియాక్షన్ ఇచ్చారో ఆదివారం ఫోను చేసి చెప్పు. సాల్వెంటు ఏ సీసాలోదో కూడా అడుగుతాను.

ఆశీస్సులతో,
తాతయ్య