అమ్మమ్మ పాట తెగకుండా

ప్రశ్న: సద్దుల బతుకమ్మ నాడు వేయి స్తంభాల గుడి దగ్గర మా అమ్మమ్మ పాట ఎత్తుకుంటే ఫోన్‌లో తీశాను. మొత్తం 23 ముక్కలు. ఇన్‌షాట్ అనే వీడియో ఎడిటింగ్ యాప్‌లో వరుసగా కలిపితే ముక్క మారిన చోటల్లా పాట తెగుతోంది. పైన ఏదైనా సినిమా పాట వేసేయమంటున్నారు ఇంట్లోవాళ్లు. దుబాయ్‌లో ఉన్న మామయ్యకు పంపాలి. ఏం చేయమంటారు?
- ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: సినిమా పాట మాత్రం వేయకండమ్మా. మీ మామయ్యకు కావాల్సింది వాళ్లమ్మ గొంతు. వరంగల్‌లో ఇన్నేళ్లుగా పెళ్లి వీడియోలు కట్ చేస్తున్నాను. పెద్దవాళ్లు పోయాక ఇంటివాళ్లు వచ్చి అడిగేది వాళ్ల మాట వినిపించే ముక్క కోసమే.

23 ముక్కల్లో అమ్మమ్మ పాట ఎక్కువసేపు ఆగకుండా ఉన్నది ఒకటి వెతకండి. మూడు నిమిషాలున్నా చాలు. దాన్ని అడుగున పరవండి. మిగతా ముక్కలను 'పిఐపి'తో (ఒక వీడియో మీద ఇంకో వీడియో పెట్టే బటన్) దాని పైకి తెచ్చి, తెర నిండేలా సాగదీసి, వాటి సౌండ్ సున్నా చేయండి. ఇక బొమ్మ ఎన్నిసార్లు మారినా పాట తెగదు.

ఒక్క జాగ్రత్త. అమ్మమ్మ ముఖం కనిపించే చోట అడుగున పరిచిన ముక్కనే ఉంచండి, లేకపోతే పెదాలు ఒకటి, పాట ఒకటి అవుతాయి. పైన పెట్టేవి తంగేడు, గునుగు పూలు, తిరిగే పాదాలు, పిల్లల ముఖాలు అయితే ఏ ఇబ్బందీ లేదు. చప్పట్లు కొట్టే చేతులు పెడితే మాత్రం ముక్కను కొద్దికొద్దిగా జరుపుతూ, చప్పుడు వినబడినప్పుడే చేతులు కలిసేలా చూడండి. దీనికి ఓపిక కావాలి, పది నిమిషాలు పట్టినా వదలకండి. బొమ్మ మార్చడానికి మంచి చోటు అందరూ 'ఉయ్యాలో' అని అందుకునే క్షణం. అమ్మమ్మ చరణం మధ్యలో ఉండగా మార్చకండి.

ఎఫెక్టులు, మెరుపులు వద్దు. మామయ్య టీవీలో చూస్తారనుకుంటే తెర కొలత 16:9, ఫోన్‌లో నిలువుగా చూస్తారంటే 9:16 పెట్టుకోండి. సేవ్ చేసేటప్పుడు నాణ్యత 1080పి, సెకనుకు 30 ఫ్రేములు సరిపోతాయి. వాట్సాప్‌లో మామూలు వీడియోగా పంపితే నాణ్యత తగ్గిపోతుంది, డాక్యుమెంట్‌గా పంపండి.

పని అయ్యేదాకా గ్యాలరీలోంచి అసలు ముక్కలు తీసేయకండి. ఫోన్ నిండిందని నేనొకసారి సగం పనిలో తీసేశాను. యాప్ తెరిస్తే ముక్కలున్న చోట ఖాళీ. అది ఒక ఇంటి అప్పగింతల వీడియో. వాళ్లకు ఏం చెప్పాలో తెలియక రెండు రోజులు టెన్షన్ పడ్డాను, ఆఖరికి వెళ్లి తప్పు ఒప్పుకున్నాను.

అంత పొడవు ముక్క దొరకకపోతే అమ్మమ్మను ఇంట్లో కూర్చోబెట్టి, ఫ్యాన్ ఆపి, అదే పాట ఇంకోసారి పాడించి రికార్డు చేయండి. దాని కింద గుడి దగ్గరి సందడి సన్నగా ఉంచండి.