టెక్ సందేహాలు: పాత బట్టీకి కొత్త కంట్రోలర్

ప్రశ్న: మూతపడిన ఒక సెరామిక్ వర్క్‌షాపు నుంచి సెకండ్‌హ్యాండ్ కరెంటు బట్టీ కొన్నాను. 6 కిలోవాట్లు, సింగిల్ ఫేజ్. లో, మీడియం, హై నాబ్‌లు తప్ప ఏమీ లేవు. ఆన్‌లైన్‌లో వైఫై టెంపరేచర్ కంట్రోలర్ కిట్ చూశాను. అది బిగిస్తే ఇంటి నుంచే ఫోన్‌లో ఆన్ చేసుకోవచ్చా?
– హనుమకొండ నుంచి ఒక పాఠకురాలు

జవాబు: కంట్రోలర్ బిగించుకోండి. ఫోన్‌లో ఆన్ చేసే పని మాత్రం పెట్టుకోకండి. కరీంనగర్, నిజామాబాద్ నుంచి కూడా ఇదే ప్రశ్న వస్తోంది. అందరూ యాప్ గురించే అడుగుతున్నారు. వేడి హద్దు దాటితే కరెంటు ఏది కట్ చేస్తుందని ఒక్కరూ అడగడం లేదు.

కంట్రోలర్ కట్ చేస్తుందనుకుంటే పొరపాటే. దాని మాట వినాల్సింది కిట్‌లోని సాలిడ్ స్టేట్ రిలే, అంటే కదిలే భాగాలు లేని ఎలక్ట్రానిక్ స్విచ్. అది పాడైతే చాలాసార్లు షార్ట్ అయి ఆన్‌లోనే ఉండిపోతుంది. స్క్రీన్ మీద ‘ఆఫ్’ అని ఉంటుంది, లోపల కాయిళ్లు కాలుతూనే ఉంటాయి. మీ బట్టీ 230 వోల్టుల దగ్గర 26 ఆంపియర్లు లాగుతుంది. అంత కరెంటుకి రిలేలోనే 30 వాట్ల దాకా వేడి పుడుతుంది కాబట్టి 40 ఆంపియర్ల రిలేని కూడా ఆ వేడిని లాగేసే పెద్ద హీట్‌సింక్ లేకుండా వాడకండి. దానికి ముందు ఫేజ్, న్యూట్రల్ రెండూ తెంపే 40 ఆంపియర్ల కాంటాక్టర్ (పెద్ద కరెంటుని కలిపి, తెంపే అయస్కాంత స్విచ్) పెట్టించండి. ఆ కాంటాక్టర్‌ని నడిపేది వేరే థర్మోకపుల్ (వేడిని కొలిచే తీగ) ఉన్న, చేత్తో రీసెట్ చేస్తేనే తిరిగి కలిసే విడి లిమిట్ కంట్రోలర్ కావాలి. మీరు కాల్చే గరిష్ఠ వేడికి 30 డిగ్రీలు పైన దాన్ని సెట్ చేయండి. బట్టీ ప్లేటు మీద రాసిన హద్దు మాత్రం దాటకూడదు. లోపల వేడికి మెత్తబడే చిన్న మట్టి కోన్ వంగితే స్విచ్ పడిపోయే పాత మెకానికల్ కట్-ఆఫ్ ఉంటే తీసేయకండి. నాబ్‌లు అన్నీ హైలో వదిలేస్తే మిగతాది కంట్రోలర్ చూసుకుంటుంది.

థర్మోకపుల్ కె-టైప్, 3.2 మిల్లీమీటర్ల మందం తీగ తీసుకోండి. సన్నవి 1200 డిగ్రీల దగ్గర త్వరగా దెబ్బతింటాయి. గోడకి మధ్య ఎత్తులో, కాయిళ్ల గాడుల మధ్య రంధ్రం చేసి, కొన 4–5 సెంటీమీటర్లు లోపలికి వచ్చేలా పెట్టాలి. అక్కడి నుంచి కంట్రోలర్ దాకా కె-టైప్ కేబులే వాడాలి. మామూలు రాగి వైరు వేస్తే, థర్మోకపుల్, రాగి వైరు కలిసే జాయింటు 60 డిగ్రీలు, కంట్రోలర్ 35 డిగ్రీలు ఉన్నప్పుడు రీడింగ్ 25 డిగ్రీలు తక్కువ చూపిస్తుంది. ఎలక్ట్రీషియన్లు ఎక్కువగా తప్పు చేసేది రంగుల దగ్గర. అమెరికన్ పద్ధతి కేబుల్‌లో పసుపు ప్లస్, ఎరుపు మైనస్. అలవాటుగా ఎరుపుని ప్లస్‌కి కలిపేస్తారు. అప్పుడు బట్టీ వేడెక్కే కొద్దీ అంకె తగ్గుతుంది, కంట్రోలర్ ఇంకా కరెంటు తోస్తుంది. మెయిన్ వేయకముందే కొనకి లైటర్ మంట చూపించండి, అంకె పెరగాలి. థర్మోకపుల్ జారి బయటికొచ్చినా ఇదే ప్రమాదం. అందుకే కరెంటు ఇస్తున్నా అంకె పెరగకపోతే హెచ్చరించే ‘లూప్ బ్రేక్ అలారం’ ఆన్‌లో ఉంచండి.

వైరింగ్‌కి 6 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, 32 ఆంపియర్ల డబుల్ పోల్ ఎంసీబీ, బాడీకి ఎర్త్. 16 ఆంపియర్ల సాకెట్ పనికిరాదు. ఇంటికి మంజూరైన లోడు చాలకపోతే ఎన్‌పీడీసీఎల్‌లో పెంచుకోండి. కంట్రోలర్ బాక్సుని బట్టీ గోడకి బిగించకండి. ఇవి సాధారణంగా 50 డిగ్రీల పరిసరాల వరకే పనిచేస్తాయి, మే నెలలో మన రేకుల షెడ్డులో బట్టీ పక్కన ఆ హద్దు దాటడం పెద్ద పని కాదు. ప్రోగ్రాంలో 600 డిగ్రీల దాకా గంటకి 100కి మించకండి, 573 దగ్గర మట్టిలోని క్వార్ట్జ్ ఒక్కసారిగా వ్యాకోచించి కుండలు పగలొచ్చు. వోల్టేజీ 200కి పడితే మీ 6 కిలోవాట్లు నాలుగున్నరే అవుతాయి. అందుకని ‘హోల్డ్‌బ్యాక్’ ఆన్ చేస్తే వేడి అందుకునే దాకా ప్రోగ్రాం ఆగుతుంది. కరెంటు పోయి వచ్చాక మొదటి నుంచి మొదలుపెట్టే సెట్టింగు వద్దు.

ఇక ఫోన్. మీరు నొక్కిన బటన్ చాలా యాప్‌లలో కంపెనీ సర్వర్ చుట్టూ తిరిగి బట్టీకి చేరుతుంది. ఈమెయిల్‌కి వాడే పాస్‌వర్డే ఇక్కడా పెడితే, అది ఎక్కడ లీకైనా అర్ధరాత్రి ఎవరో మీ షెడ్డులో బట్టీ వెలిగించగలరు. ఎదురుగా మనిషి లేకుండా 1200 డిగ్రీల యంత్రాన్ని మొదలుపెట్టే వీలు ఇవ్వడమే డిజైన్ తప్పు. అది ఆపుకొనే సెట్టింగు లేని కిట్ కొనవద్దు. రౌటర్‌లో గెస్ట్ నెట్‌వర్క్ మీదే కలపండి, బయటి నుంచి నేరుగా లోపలికి దారిచ్చే పోర్టులు తెరవకండి. కంట్రోలర్ కూడా సెకండ్‌హ్యాండ్ అయితే ఫ్యాక్టరీ రీసెట్ చేసి, పాత యజమాని ఖాతా నుంచి తీయించండి. ఆటో అప్‌డేట్ ఆపేయండి, కుండలు సగం కాలాక రీస్టార్ట్ అయ్యే పరికరం ఎవరికి కావాలి? సర్వర్ మూసేస్తే మూగబోయే పరికరాలు అమ్మడం కొనేవాళ్లకి అన్యాయం. ఖాళీ బట్టీలో ప్రోగ్రాం నడుస్తుండగా రౌటర్ ఆపి చూడండి. ఆగిపోతే కిట్ వాపసు ఇచ్చేయండి.

ప్రశ్న: 2.5 కిలోవాట్ల చిన్న బట్టీకి 16 ఆంపియర్ల స్మార్ట్ ప్లగ్ చాలదా?
– జగిత్యాల నుంచి ఒక పాఠకుడు

జవాబు: చాలదు. ప్లగ్‌కి టైమే తెలుసు, వేడి తెలియదు. గంటల తరబడి 11 ఆంపియర్లు పారితే లోపలి రిలే కాంటాక్టులు అతుక్కుపోవచ్చు. కొన్ని ప్లగ్‌లు కరెంటు రాగానే వాటంతటవే ఆన్ అవుతాయి. కంట్రోలర్ కొనే దాకా నాబ్‌తోనే కాల్చండి, పక్కన పైరోమీటర్ (బట్టీ వేడి చూపే మీటరు) పెట్టుకుని, అక్కడే ఉండి.