రెజ్యూమేని నోట్‌ప్యాడ్‌లో అతికించి చూడు

చిన్నీ,

కొత్త ఉద్యోగం వెతుక్కుంటున్నావని అమ్మ చెబితే గర్వంగా అనిపించింది. ఏఐతో ఒక్క రాత్రిలో రెజ్యూమే రాయించి వంద చోట్లకు పంపేశావని తెలిశాక మాత్రం గుండె గుభేలుమంది.

తేదీలు, ఫోన్ నంబరు, అక్షరదోషాలు చూసుకో. అవి నీకు తెలుసు.

ఎన్నేళ్లయినా జనం వదలని తప్పు ఒకటుంది: రెండు కాలమ్‌ల రెజ్యూమే. కంటికి ముచ్చటగానే ఉంటుంది. కానీ మనిషి చూసేలోపే కంపెనీలు దరఖాస్తులు చూడ్డానికి వాడే ఏటీఎస్ అనే సాఫ్ట్‌వేర్ అందులోంచి అక్షరాలు లాగి పేరు, చదువు, అనుభవం అనే గళ్లలో నింపుతుంది. కొన్ని ఏటీఎస్‌లకు మధ్యలో కాలమ్ ఉందని తెలియదు, అడ్డంగా చదువుకుపోతాయి. ఎడమవైపు 'పైథాన్, ఎస్‌క్యూఎల్', కుడివైపు 'డేటా అనలిస్ట్, 2021–2024' అని ఉంటే అవతలికి 'పైథాన్ డేటా అనలిస్ట్ ఎస్‌క్యూఎల్ 2021–2024' అనే కిచిడీ చేరుతుంది. హెడర్‌లో, అంటే పేజీ పైఅంచు పట్టీలో, పెట్టిన ఫోన్ నంబరు ఒక్కోసారి అసలు చేరదు. నైపుణ్యానికి గీసిన చుక్కలూ పట్టీలూ బొమ్మలే కాబట్టి వాటిలో చదవడానికేమీ ఉండదు. పరీక్ష సులువు: పీడీఎఫ్ తెరిచి, మొత్తం కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికించు. వరస తప్పితే ఒకే కాలమ్‌లో, మామూలు శీర్షికలతో మళ్లీ రాయి. అసలు కాపీయే కాకపోతే నువ్వు పంపుతున్నది ఫొటో అన్నమాట.

తెల్ల కాగితం మీద తెల్ల అక్షరాలతో కీవర్డులు, అంటే ఉద్యోగ ప్రకటనలోని ముఖ్యమైన మాటలు, దాచమని ఎవరైనా చెబితే వినకు. అక్షరాలు లాగేటప్పుడు రంగు పోతుంది, దాచినదంతా బయటపడుతుంది. పట్టుబడ్డాక సంజాయిషీ ఏం చెబుతావు?

తిరస్కరణ మెయిల్ నిమిషాల్లో వస్తే రెజ్యూమేనే తిట్టుకోకు. చాలాసార్లు అది ఫారంలో అనుభవం ఎన్నేళ్లు, వర్క్ పర్మిట్ ఉందా అని అడిగిన చోట నువ్విచ్చిన జవాబు వల్ల వస్తుంది. అక్కడ తొందరపడి నొక్కేయకు.

నాకు అన్నిటికన్నా భయం వేరే ఉంది. 'అమ్మకాలు 30 శాతం పెంచాను' లాంటి వాక్యాలు ఏఐ సొంతంగా అల్లేస్తుంది. ఇంటర్వ్యూలో 'ఆ 30 ఎలా కొలిచారు?' అని అడిగితే నీ నోట మాట రాదు. ఏఐకి నువ్వు చేసిన పనులూ ఉద్యోగ ప్రకటనా ఇచ్చి, ఏది నప్పింది, ఏది తగ్గింది అని అడుగు, చాలు. అంకెలు మాత్రం నువ్వే రాయి.

వీడియో ఇంటర్వ్యూలో నవ్వు తగ్గితే మార్కులు పోతాయని బెంగపడకు. అలాంటి ఇంటర్వ్యూలకు యంత్రంతో మార్కులు వేయించే హైర్‌వ్యూ కంపెనీయే ముఖకవళికల విశ్లేషణ ఆపేసినట్టు 2021లో చెప్పింది. మైకు బాగుందో లేదో చూసుకో, సాఫ్ట్‌వేర్ నీ మాటల్ని అక్షరాల్లోకి సరిగ్గా మార్చేది దాన్నిబట్టే.

యంత్రం నిన్ను కాదందంటే నీలో లోపం ఉందని కాదు తల్లీ. పాత రెజ్యూమేలు చూసి నేర్చుకున్న అమెజాన్ ప్రయోగాత్మక సాధనం ఆడవాళ్లను తక్కువచేసిందని, కంపెనీ దాన్ని పక్కన పెట్టిందని 2018లో బయటపడింది. లోపం అది నేర్చుకున్న పాఠంలోనూ ఉంటుంది.

ఉద్యోగం ఇస్తామని ముందే డబ్బడిగితే ఫోన్ పెట్టేయి.

మిగతా అప్లికేషన్లు ఇవాళ్టికి ఆపు. నోట్‌ప్యాడ్‌లో వచ్చింది వచ్చినట్టే నాకు పంపు, దిద్దకుండా.

మామయ్య