ఇండియా నుంచి తెచ్చుకున్న క్రీమ్ ట్యూబ్ కూడా పట్టుకెళ్లండి

టోక్యో వచ్చి మూడు నెలలైందని, నడుము చుట్టూ, తొడల దగ్గర గుండ్రటి మచ్చలు, విపరీతమైన దురద అని రాశారు. ఇంటి నుంచి తెచ్చుకున్న క్రీమ్ అయిపోవస్తోంది, జపనీస్ రాదు, నేరుగా పెద్ద హాస్పిటల్‌లో స్కిన్ డాక్టర్‌ని కలవొచ్చా అని అడిగారు. 2023 వేసవిలో నాదీ ఇదే బాధ. అప్పటికే టోక్యోలోని నిషి కసాయ్‌లో ఉంటున్నాను.

ముందు హాస్పిటల్ సంగతి. నేను ఎవరినీ అడక్కుండా ఒక పెద్ద హాస్పిటల్‌కి వెళ్లాను. వేరే డాక్టర్ రాసిచ్చిన 'షోకైజో', అంటే రెఫరల్ లెటర్, లేకుండా అలాంటి చోటికి వెళితే విడిగా ఫీజు కట్టాలి. 2022 అక్టోబర్ నుంచి ఇది కనీసం 7,000 యెన్లు. ఇన్సూరెన్స్ దీనికి వర్తించదు. అందుకని ముందు మీ స్టేషన్ దగ్గర 'హిఫుకా', అంటే చర్మ వైద్యం, అని బోర్డు ఉన్న చిన్న క్లినిక్‌కి వెళ్లండి. అక్కడ ఇన్సూరెన్స్ ఉంటే 30 శాతమే మీరు కడతారు. అవసరమైతే షోకైజో వాళ్లే రాసిస్తారు.

ఇక అసలు విషయం. మనూళ్లో మెడికల్ షాపుకెళ్లి 'దురదకి ఏదైనా ఇవ్వండి' అంటే చేతిలో పెట్టే క్రీముల్లో చాలావాటిలో స్టెరాయిడ్, యాంటీబయాటిక్, ఫంగస్ మందు మూడూ కలిసే ఉంటాయి. నా దాంట్లో క్లోబెటసాల్ అనే స్టెరాయిడ్ ఉంది. జపాన్‌లో స్టెరాయిడ్ పూతమందుల్ని బలాన్ని బట్టి ఐదు మెట్లుగా విడదీస్తారు, అది అన్నిటికన్నా పై మెట్టు. రాసిన రెండు రోజులకే ఎరుపు, దురద తగ్గుతాయి. తామర, అంటే ఫంగస్ వల్ల వచ్చే ఈ మచ్చల జబ్బు, మాత్రం లోపల పాకుతూనే ఉంటుంది. మానేస్తే మళ్లీ రెట్టింపు. అలా ఏడాది గడిపాను.

ఆ హాస్పిటల్‌కి పొద్దున్నే క్రీమ్ రాసుకుని వెళ్లాను, ఆ మాట చెప్పలేదు కూడా. ఆ క్రీమ్ వల్ల పరీక్షలో ఫంగస్ ఏమీ కనపడలేదు. ఎగ్జిమా, అంటే ఫంగస్‌తో సంబంధం లేని దురద జబ్బు, అనుకుని ఇంకో స్టెరాయిడ్ ఇచ్చారు. నెల తిరిగేసరికి మచ్చలు వీపు మీదికి ఎక్కాయి. చెప్పకపోవడం నా తప్పే.

రెండోసారి ఇంటి దగ్గరి క్లినిక్‌కి ట్యూబ్ పట్టుకెళ్లాను. డాక్టర్ దాని మీద పేర్లన్నీ చదివి, రెండు వారాలు ఏమీ రాయకుండా రమ్మన్నారు. ఆ రెండు వారాలూ నరకమే. తిరిగి వెళ్లాక మచ్చ అంచున చిన్న బ్లేడుతో గీకి, రాలిన పొట్టు గాజు పలక మీద వేసి, ఒక చుక్క మందు వేసి, మైక్రోస్కోప్ కింద పెట్టారు. కాసేపటికి స్క్రీన్ నా వైపు తిప్పారు. కొమ్మలు కొమ్మలుగా చీలిన సన్నటి దారపు పోగులు, అదే ఫంగస్! ఏడాదిగా నన్ను నిద్రపోనివ్వనిది అదేనా అని చూస్తూ ఉండిపోయాను.

ఇండియా నుంచి వచ్చానని కూడా తప్పకుండా చెప్పండి. ఇక్కడ ఉంటున్న భారతీయ, నేపాలీ పేషెంట్ల నుంచి తీసిన శాంపిళ్లలోనే జపాన్ పరిశోధకులు 2020లో ట్రైకోఫైటన్ ఇండోటినియే అనే కొత్త ఫంగస్‌ను గుర్తించారు. మామూలుగా ఇచ్చే టెర్బినఫిన్ అనే ఫంగస్ మందు దీని మీద చాలాసార్లు పనిచేయదు. నా సంగతి విన్నాక డాక్టర్ శాంపిల్‌ని కల్చర్‌కి, అంటే ఫంగస్‌ని పెంచి చూసే పరీక్షకి, పంపి, బ్లడ్ టెస్ట్ చేసి, ఇట్రాకొనజోల్ అనే ఇంకో ఫంగస్ మందు మొదలుపెట్టారు. ఆ క్యాప్సూల్స్ భోజనం చేసిన వెంటనే వేసుకోవాలి.

భాష గురించి అంత టెన్షన్ వద్దు. లోపలికెళ్లగానే 'మొన్‌షిన్‌హ్యో' అని ప్రశ్నల కాగితం ఇస్తారు. కనగావా ఇంటర్నేషనల్ ఫౌండేషన్ వెబ్‌సైట్‌లో ఒక్కో విభాగానికీ ఇలాంటి కాగితాలు ఇంగ్లీషు, జపనీస్ కలిపి దొరుకుతాయి. చర్మానిది నింపి పట్టుకెళ్లండి. దురద చూపించి 'కయూయి దెసు' అనండి, ట్యూబ్ చూపించి 'ఇందో నో నురిగుసురి దెసు' అనండి. ఇండియా పూతమందు అని అర్థం. మచ్చలు ఎర్రగా ఉన్నప్పుడే ఫోన్‌లో ఫొటోలు తీసి పెట్టుకోండి.

మందుల చీటీ రాసిన రోజుతో కలిపి నాలుగు రోజులే చెల్లుతుంది, ఆ రోజే పక్కనున్న ఫార్మసీలో తీసేసుకోండి. అక్కడ 'ఒకుసురి తెచో' అనే చిన్న పుస్తకం ఇస్తారు. ఏ మందు ఎప్పుడు ఇచ్చారో అందులో అతికిస్తారు, ప్రతిసారీ తీసుకెళ్లాలి.

ఇంట్లో ఇంకెవరికైనా దురద ఉందా అని నన్ను అడిగితే లేదనేశాను. మా ఆవిడకి అప్పటికే మొదలైందట, సిగ్గుపడి నాకు చెప్పలేదు. తువ్వాళ్లు వేరు చేసి, తనని కూడా అదే డాక్టర్‌కి చూపించి, ఇద్దరం కలిసి మందు వాడాకే మా ఇంట్లోంచి తామర పోయింది.